రియాక్టివ్ ప్రింటింగ్‌కి ఆల్జినేట్ గమ్ము: అహ్మదాబాద్ డీలర్‌తో ఏడాది అనుభవం

పెడనలో మాది చిన్న ప్రింటింగ్ యూనిట్. 6 టేబుళ్ళు, చేత్తో లాగే స్క్రీన్లు, ఎక్కువగా కాటన్ డ్రెస్ మెటీరియల్ మీద రియాక్టివ్ రంగుల పని. గమ్ము (రంగుని చిక్కబరిచి గుడ్డ మీద పాకకుండా ఆపే పొడి) ఎక్కడ తెప్పిస్తున్నావు, రేటెంత అని తోటి యూనిట్ల వాళ్ళు ఈమధ్య తరచూ అడుగుతున్నారు, ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పేకంటే వివరంగా ఒకచోట రాస్తే మేలనిపించింది. ఏడాదిగా అహ్మదాబాద్‌లో ఒక డీలర్ దగ్గర సోడియం ఆల్జినేట్ అనే గమ్ము కొంటున్నాను. ఆ డీలర్‌కి 5కి 4 మార్కులు వేస్తాను. ఆ ఒక్కటీ ఎందుకు తగ్గించానో తర్వాత చెప్తాను, ముందు అంతదూరం ఎందుకు వెళ్ళాల్సొచ్చిందో చెప్పాలి.

అంతకుముందు దగ్గర్లోని షాపులోనే కొనేవాళ్ళం. వాళ్ళ పేరు రాయను, మిగిలిన సరుకు చివరికి వెనక్కి తీసుకున్నారు కాబట్టి ఆ గొడవ అక్కడితో వదిలేశాను. నిరుడు వేసవిలో "కొత్త సరుకు వచ్చిందండీ, కేజీకి 60 రూపాయలు తక్కువ, చిక్కదనం మాత్రం పాతదానికంటే బాగుంటుంది" అని 2 బస్తాలు పంపారు. కలిపి చూస్తే నిజంగానే చిక్కగా ఉంది. మా దగ్గర చాలా ఏళ్ళుగా పేస్టు కలిపే బాబాయ్ డ్రమ్ములో రెండు వేళ్ళు ముంచి వాసన చూసి, "బాబూ, ఇదేంటి గోరుచిక్కుడు వాసనొస్తోంది" అన్నాడు. 600 మీటర్ల ఆర్డరు, వారంలో ఇచ్చేయాలి, ఆ టెన్షన్‌లో నేను ఆయన మాట పట్టించుకోలేదు. ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

టేబుల్ మీద ప్రింటు చక్కగా పడింది, గీత ఎక్కడా పాకలేదు. స్టీమింగ్ కూడా అయిపోయింది. అసలు సంగతి వాషింగ్‌లో బయటపడింది. ఎన్నిసార్లు నీళ్ళు మార్చినా గుడ్డ గంజి పెట్టి ఆరేసినట్టు బిరుసుగానే ఉంది, రంగేమో తొట్టిలోకి దిగిపోతూనే ఉంది, ముదురు ఎరుపు పువ్వులు చివరికి ఇటుక పొడి రంగుకి వచ్చాయి. గుడ్డ మడిచి చేత్తో నొక్కితే మడత అలాగే నిలబడిపోయింది. ఆ గుడ్డతో చుడీదార్ కుట్టించుకుని ఎవరు తొడుక్కుంటారు? ఆ లాటు మొత్తం మా నెత్తినే పడింది.

బాబాయ్ చెప్పిందే నిజం. గోరుచిక్కుడు గింజల్లోంచి తీసేదే గ్వార్ గమ్, తక్కువరకం ఆల్జినేట్‌లో దాన్ని కలిపి చిక్కదనం పెంచి పంపారు. రియాక్టివ్ రంగు పత్తి నూలుతో రసాయనికంగా ముడిపడే రంగు. పత్తిలో ఏ గుణం చూసి పట్టుకుంటుందో ఆ గుణం గ్వార్‌లోనూ ఉంది కాబట్టి దాన్నీ పట్టుకుంటుంది. అందుకే గుడ్డకి ఎక్కాల్సిన రంగు గమ్ముకి ఎక్కి కొంత నీళ్ళలో పోతుంది, మిగతాది గమ్ముతో సహా గుడ్డలో బిగుసుకుపోతుంది. ఆల్జినేట్ గోధుమరంగు సముద్రపు నాచు నుంచి వచ్చేది. దానికీ రంగుకీ రెండింటికీ రుణావేశమే, అందుకని ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి, పని అయిపోగానే గమ్ము నీళ్ళలో సుబ్బరంగా దిగిపోతుంది. గ్వార్ చెడ్డదని నేననను, పాలిస్టర్ మీద డిస్పర్స్ రంగులకి అది బాగా పనికొస్తుంది, చింతపిక్కల పొడి కూడా అంతే. మాలాంటి రియాక్టివ్ పనికి మాత్రం పనికిరాదు, అదీ చెప్పకుండా కలిపి అమ్మడం చాలా అన్యాయం.

ఇక ఈ డీలర్ సంగతి. తిరుపూర్‌లో పనిచేసే మా బంధువు నంబరిచ్చాడు. ఫోన్ చేసి రేటు అడిగితే ఆయన రేటు చెప్పలేదు. ఏ రంగులు వాడతారు, ఏ గుడ్డ, టేబులా మెషీనా, గీతలు సన్నవా లేక పెద్ద పెద్ద పువ్వులా, ఏ నీళ్ళు, ఇవన్నీ అడిగాకే అసలు మాట మొదలుపెట్టాడు. గమ్ము అమ్మేవాడు నన్ను ఇన్ని ప్రశ్నలు వేయడం అదే మొదటిసారి. తర్వాత పలచన, మధ్యరకం, చిక్కన మూడు రకాలూ తలా 200 గ్రాములు కొరియర్‌లో పంపాడు, డబ్బు తీసుకోలేదు. సన్నగీతల డిజైన్లకి పలచన రకమే ఎక్కువ పొడి వేసి వాడమన్నాడు, మామూలు పనికి మధ్యరకం చాలన్నాడు. రెండూ నిజమే, ఇప్పుడు అలాగే వాడుతున్నాం.

మొదటి ఆర్డరు పెట్టేముందే నేను పరీక్షలు చేశాను, ఇవి ఎవరైనా చేసుకోవచ్చు. పొడిని నీళ్ళలో కలిపి రాత్రంతా నాననిచ్చి మూడు గ్లాసుల్లో పోయండి. ఒకదాంట్లో టింక్చర్ అయోడిన్ రెండు చుక్కలు వేయండి, నీలం తిరిగితే పిండిపదార్థం కలిసినట్టే. రెండోదాంట్లో వెలిగారం (బోరాక్స్) చిటికెడు వేసి కలపండి, గ్వార్ ఉంటే చూస్తుండగానే రబ్బరు ముద్దలా సాగుతుంది, ఆల్జినేట్ అలా ముద్ద కట్టదు. మూడో గ్లాసులోది చెంచాతో తీసుకుని కాల్షియం క్లోరైడ్ కలిపిన నీళ్ళలో చుక్కలు చుక్కలుగా వదలండి, మంచి ఆల్జినేటైతే ప్రతి చుక్కా ఉడికిన సగ్గుబియ్యం గింజలా గట్టిపడి అడుక్కి దిగుతుంది. డీలర్ పంపిన మూడు శాంపిళ్ళూ ముత్యాల్లా దిగాయి. పాత బస్తాలోది చేస్తే చుక్కలు మబ్బుమబ్బుగా వచ్చి వేలితో తాకగానే చెదిరిపోయాయి, వెలిగారం వేసిన గ్లాసైతే బోర్లించినా ముద్ద కిందపడలేదు. అది చూసి బాబాయ్ ఏమీ అనలేదు, నా వైపు చూశాడంతే.

సరుకు వచ్చిన మొదటి వారంలోనే మళ్ళీ ఒక సమస్య. డ్రమ్ములో చేప గుడ్ల లాంటి ఉండలు, స్క్రీన్ జాలీ మూసుకుపోతోంది. కోపంగా ఫోన్ చేస్తే ఆయన నిదానంగా "బోరు నీళ్ళా?" అని అడిగాడు. బోరు నీళ్ళే. పైన చెప్పిన సగ్గుబియ్యం పరీక్ష మా డ్రమ్ములో దానంతటదే జరుగుతోందన్నమాట, ఉప్పు నీళ్ళలోని కాల్షియం గమ్మును గడ్డ కట్టిస్తోంది. పొడి వేయకముందే నీళ్ళలో సోడియం హెక్సామెటాఫాస్ఫేట్ కలపమన్నాడు, అది కాల్షియాన్ని గమ్ము జోలికి పోకుండా పట్టి ఉంచుతుంది. లీటరుకి 5 గ్రాముల చొప్పున వేశాం, ఉండలు పోయాయి. తప్పు మాదే అయినా ఒక్క మాట విసుక్కోలేదు. అంతకుముందు షాపులో ఏదడిగినా "కలపడం సరిగ్గా రాదేమో" అనేవాళ్ళు.

ఎండాకాలంలో నానబెట్టిన గమ్ము మూడో రోజుకే పలచబడి పుల్లవాసన వస్తుంది, సూక్ష్మజీవులు దాన్ని తినేస్తాయి. కొందరు ఫార్మలిన్ పోస్తారు, ఆ ఘాటుకి పేస్టు కలిపేవాళ్ళ కళ్ళు మండిపోతాయి, నాకది ఇష్టంలేదు. రెండు రోజులకి సరిపడా మాత్రమే నానబెడుతున్నాం.

ఇప్పుడు లోపాలు. 25 కేజీల బస్తా కంటే తక్కువ ఇవ్వడు, చిన్నవాళ్ళకి అది భారమే. ఇద్దరు ముగ్గురు కలిసి తెప్పించుకుంటే నయం. లారీ పార్సిల్ విజయవాడ దాకానే, అక్కణ్ణుంచి పెడనకి తెచ్చుకునే ఖర్చు మనదే, ఒకసారి సరుకు రావడానికి 12 రోజులు పట్టింది, రెండు టేబుళ్ళు ఖాళీగా ఉంచాల్సొచ్చింది. వానాకాలంలో ఒక బస్తా లోపలి ప్లాస్టిక్ సంచి చిరిగి పొడి గడ్డకట్టింది, ఫోటో పంపితే వేరేది పంపాడు కానీ దానికి మూడుసార్లు గుర్తుచేయాల్సొచ్చింది. బిల్లు కూడా అడిగితేగానీ పంపడు. ఆ ఒక్క మార్కు వీటికే తగ్గించాను.

కానీ బ్యాచ్ మారిన ప్రతిసారీ బస్తాల కంటే ముందే శాంపిల్ వస్తుంది. సంక్రాంతి ముందు ఒకసారి ఆయనే ఫోన్ చేసి "ఈ బ్యాచ్ కాస్త పలచన, మీకు పొడి ఎక్కువ పడుతుంది, ఆగగలిగితే ఆగండి" అన్నాడు. నాకు అన్నిటికంటే నచ్చింది అది.

కలంకారీ అచ్చుల పని చేసేవాళ్ళకి ఇదేమీ అక్కర్లేదు. పటికలోకీ, కసింకారంలోకీ (నల్లరంగుకి వాడే ఇనుము నీళ్ళు) జిగురు మీరు ఎప్పట్నుంచో వాడేదే మేలు, దానికోసం అహ్మదాబాద్ దాకా పోవద్దు.

పాత బస్తా పొడి ఒక డబ్బాలో దాచి ఉంచాను. ఆ పరీక్షలు చూడాలనుకుంటే ఆదివారం తప్ప ఏ రోజైనా మధ్యాహ్నం మా యూనిట్‌కి రండి, రెండూ పక్కపక్కన పెట్టి చేసి చూపిస్తాను. మీరు వాడే గమ్ము కూడా ఒక గుప్పెడు తెచ్చుకోండి, దాన్నీ చూద్దాం.