నెలలు నిండని కవలల కోసం కొన్న సామాను: నాలుగు నెలల వాడకం తరువాత

గత కార్తిక మాసంలో నా భార్యకు 33వ వారంలోనే కాన్పయి, 1,640 గ్రాముల బరువుతో ఒక పాప, 1,420 గ్రాముల బరువుతో ఇంకొక పాప పుట్టారు. తిరుపతిలోని ఒక ఆసుపత్రి నవజాత శిశు విభాగంలో 26 రోజులు ఉండి ఇంటికి వచ్చేనాటికి ఇద్దరినీ కలిపి తూచినా నాలుగు కిలోలు లేరు. ఆ 26 రోజుల్లో నేను చేయగలిగిన పని మరొకటి కనిపించక, గాంధీ రోడ్డులోను, ప్రకాశం రోడ్డులోను అంగళ్ళు తిరిగి, రాత్రిళ్ళు ఫోనులో ఆర్డర్లు పెట్టి, ఇంటి నిండా సామాను పేర్చాను. దానిలో సగం ఈనాటికీ పెట్టెల్లోనే ఉంది. మిగిలిన సగాన్ని నేను ఒకే ప్రశ్నతో తూచాను: అర్ధరాత్రి రెండు గంటలకు, కరెంటు లేనప్పుడు, ఇంట్లో ఒక్కరే మేలుకొని ఉన్నప్పుడు ఈ వస్తువు పనికి వస్తుందా, రాదా?

ఆ ప్రశ్నకు అన్నింటికంటే గట్టిగా నిలిచినది ఒక గుడ్డ. బిడ్డను తల్లి రొమ్ముల నడుమ చర్మానికి చర్మం తగిలేటట్టు నిలువుగా పడుకోబెట్టి కట్టే కంగారూ పద్ధతిని 1978లో కొలంబియా రాజధాని బొగోటాలో, బిడ్డను వెచ్చగా ఉంచే ఇంక్యుబేటర్లు చాలని ఆసుపత్రిలో ఎడ్గార్ రే అనే వైద్యుడు మొదలుపెట్టారు. ఇంక్యుబేటరుకు బదులుగా పుట్టిన ఈ పద్ధతిని తక్కువ బరువుతో పుట్టిన బిడ్డలకు పుట్టిన వెంటనే ప్రారంభించాలనీ, రోజుకు 8 గంటల నుంచి 24 గంటల వరకు, వీలైనంత ఎక్కువసేపు కొనసాగించాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సిఫారసు చేసింది. దీనికోసం నేను సాగే బట్టతో, వెనుక అంటుపట్టీలతో కుట్టిన ఖరీదైన సంచీ ఒకటి తెప్పించాను. అది మూడు కిలోలు దాటిన బిడ్డకు చేసినది. మా పిల్లలు అందులో జారిపోయి, గడ్డం ఛాతీకి ఆనేటట్టు ముడుచుకొనిపోయారు. మెడ ఆ విధంగా ముడుచుకొంటే ఇంత చిన్న బిడ్డకు ఊపిరి దారి మూసుకొనే ప్రమాదం ఉంది కనుక ఆసుపత్రి సిస్టరు దానిని చూడగానే పక్కన పెట్టించి, మా నాన్నగారి పాత నూలు పంచెను నిలువునా చింపి, తగిన వెడల్పున మడిచి, బిడ్డ తలను ఒక పక్కకు తిప్పి, చెవి కింది వరకు గుడ్డ వచ్చేటట్టు కట్టడం నేర్పారు. తలకు టోపీ, కాళ్ళకు మేజోళ్ళు, నడుముకు లంగోటీ, ముందు తెరుచుకొనే జుబ్బా తప్ప బిడ్డకు వేరే బట్ట అక్కరలేదు.

కవలల విషయంలో దీనికి ఇంకొక సౌలభ్యం ఉంది. తల్లి ఇద్దరినీ ఒకేసారి కట్టుకోవచ్చు, లేదా ఒక బిడ్డను తండ్రి తీసుకోవచ్చు. "నాన్నగారు కూడా చొక్కా విప్పి కూర్చోండి సార్, మీ ఒంటి వేడికి ఖర్చేం లేదు కదా" అని ఆ సిస్టరు అన్నప్పుడు నాకు కొంత సిగ్గనిపించిన మాట నిజమే గాని, ఆ తరువాత రెండు నెలలు చిన్నదానికి నా ఛాతీయే పరుపయింది. ఒక్కొక్క విడతకు కనీసం ఒక గంట కూర్చోవాలి కాబట్టి, గుడ్డతోపాటు నేను నిస్సంకోచంగా సిఫారసు చేసేది వెనక్కు వాలే ఒక కుర్చీ. మేము మా మేడమీద పడి ఉన్న పాత పడకకుర్చీకి కొత్త గుడ్డ వేయించుకొన్నాము. ఈ ఇంట్లో పిల్లల సామాను అని పేరు పెట్టకుండా కొన్నవాటిలో అంతగా ఉపయోగపడినది మరొకటి లేదు.

ఇక పాలాడ. మా చిత్తూరు వైపు ప్రతి ఇంటికీ తెలిసిన ఈ ముక్కు గిన్నెనే ఇతర ప్రాంతాలవారు ఉగ్గుగిన్నె అంటారు. చప్పరించడం, మింగడం, ఊపిరి తీయడం అనే మూడు పనులను కలిపి చేయగల నేర్పు బిడ్డకు గర్భం లెక్కలో సుమారు 34వ వారం నాటికి గాని రాదు. అంతవరకు మా పిల్లలు గొట్టంతోనే పాలు తాగారు, ఆ తరువాత పాలాడకు వచ్చారు, తల్లి రొమ్మును పూర్తిగా అందుకోవడానికి మరికొన్ని వారాలు పట్టింది. మా అత్తగారు సంప్రదాయం ప్రకారం రెండు వెండి పాలాడలు తెచ్చారు. చూడముచ్చటగా ఉన్నాయి, కాని ముక్కు గిన్నెకు అతికిన చోట లోపలి మూలలోకి వేలు గాని, బ్రష్షు గాని వెళ్ళదు. అక్కడ పాలు పేరుకొన్నా కంటికి కనిపించదు. అందుచేత వాటిని నామకరణం నాటికి దాచి, అతుకు లేకుండా ఒకే రేకుతో చేసిన స్టీలు పాలాడలు నాలుగు కొన్నాము. మొత్తం మూడు వందల రూపాయలు కూడా కాలేదు. కొనేవారు అంచును వేలితో తడిమి చూసుకోవాలి. కొన్నింటికి అంచు కోసుకొనేటట్టు ఉంటుంది.

పాలాడకు లోపాలు లేకపోలేదు. బిడ్డను కొంచెం ఎత్తి పట్టుకొని, గిన్నె ముక్కును కింది పెదవి మూలన ఆనించి, బిడ్డ నాలుకతో అందుకొనే వరకు ఆగాలి; తొందరపడి పోస్తే పొరపోతుంది. ఎంత జాగ్రత్తగా పట్టినా కొన్ని పాలు గడ్డం కిందికి కారతాయి కాబట్టి, బిడ్డ ఎన్ని మిల్లీలీటర్లు తాగిందో కచ్చితంగా చెప్పలేము. మేము సిరంజితో కొలిచి పాలాడలో పోసి, గడ్డం కింద మడత గుడ్డ పెట్టి, అది ఎంత తడిసిందో చూసి అంచనా వేసుకొనేవాళ్ళం. అయినా సీసా వైపు పోలేదు. సీసాను మరిగించి శుభ్రం చేయడంకంటే పాలాడను శుభ్రం చేయడం ఎంతో సులభం, పైగా రబ్బరు పీకకు అలవాటుపడిన బిడ్డ రొమ్ము పట్టదన్న భయం మాకు ఉండేది. పాల సీసాల ప్రకటనలను మన దేశంలో 1992 నాటి చట్టం నిషేధించినా, ఒక అంగడిలో కవలలని చెప్పగానే నా ముందు ఆరు సీసాల పెట్టె తెరిచి, రెండు పెట్టెలు తీసుకొంటే ధర తగ్గిస్తామన్నారు. పిల్లలు నెలలు నిండకుండా పుట్టారని చెప్పినా ఆ పెట్టె మూయలేదు.

ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ పాలు పిండి ఇవ్వవలసి ఉంటుంది, అదీ రోజుకు ఎనిమిది నుంచి పన్నెండు సార్లు, రాత్రిళ్ళు కూడా. మొదటి రెండు రోజులు చేత్తో పిండడమే మేలు. వచ్చేవి నాలుగైదు చుక్కల ముర్రుపాలు, అవి యంత్రపు గొట్టాలకే అంటుకొనిపోతాయి. ఆ తరువాత ఇద్దరి కోసం పిండేటప్పుడు మాత్రం రెండు రొమ్ములకూ ఒకేసారి పెట్టగల విద్యుత్ పంపు నిజంగా విలువైనది. చేతి పంపుతో నలభై నిమిషాలు పట్టే పని దీనితో ఇరవై నిమిషాల్లో అయ్యేది, ఆ మిగిలిన ఇరవై నిమిషాలు నా భార్యకు నిద్ర. కొనేటప్పుడు చూడవలసినవి రెండు. మొదటిది, ఛార్జింగు బ్యాటరీ ఉండాలి. 2021 నవంబరులో తిరుపతిని ముంచిన వానలు గుర్తున్నవారికి కార్తిక మాసంలో కరెంటును నమ్ముకోకూడదని వేరే చెప్పనక్కరలేదు. రెండవది, రొమ్ముకు ఆనించే గరాటు సరైన కొలతలో ఉండాలి. మాకు పెట్టెతో వచ్చిన గరాటు పెద్దదై నొప్పి పెట్టింది, పాలు కూడా తక్కువ వచ్చాయి. చిన్న కొలత గరాటు విడిగా తెప్పించుకొన్న తరువాత గాని పంపు విలువ తెలియలేదు. పిండిన పాలు 25 డిగ్రీల గదిలోనైతే నాలుగు గంటలు నిలవ ఉంటాయంటారు. మన ఊళ్ళో ఎండాకాలం ఆ లెక్క చెల్లదు, వెంటనే ఫ్రిజ్‌లో పెట్టవలసిందే. నెలలు నిండని బిడ్డలకు ఎంతసేపటి పాలు పట్టవచ్చునన్నది మాత్రం ఆసుపత్రి చెప్పిన గడువు ప్రకారమే నడుచుకోవాలి.

పాలకు సంబంధించిన వస్తువులను శుభ్రం చేయడానికి నేను కొన్న ఆవిరి యంత్రం పూర్తిగా దండుగ. మా ఇడ్లీ పాత్రలో నీళ్ళు పోసి పాలాడలు మునిగేటట్టు పది నిమిషాలు మరిగించాము, గ్యాసు ఉంటే చాలు.

వేడిని చూసుకోవడానికి మందుల అంగడిలో రెండు వందల రూపాయలకు దొరికే మామూలు డిజిటల్ థర్మామీటరు సరిపోతుంది. చంకలో పెట్టి చూస్తే 36.5 నుంచి 37.5 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. నుదుటికి గురిపెట్టే తుపాకీ రకం థర్మామీటరు మా ఇంట్లో ఒకే బిడ్డకు ఒకే నిమిషంలో మూడు అంకెలు చూపింది. నిజానికి థర్మామీటరు తీసే ముందు చేయి చెప్పేది వినాలి: బిడ్డ పొట్ట, పాదాలు రెండూ వెచ్చగా ఉంటే క్షేమం, పొట్ట వెచ్చగా ఉండి పాదాలు చల్లబడితే బిడ్డ చలికి ఇబ్బంది పడుతున్నట్టు, రెండూ చల్లగా ఉంటే క్షణం ఆలస్యం చేయకుండా గుండెకు హత్తుకొని ఆసుపత్రికి బయలుదేరాలి.

ఐదు గ్రాముల తేడా చూపే పిల్లల తూకం యంత్రం కూడా కొన్నాను, దాని విషయంలో నా అభిప్రాయం మారింది. యంత్రంలో తప్పు లేదు, తప్పు మాలో ఉంది. రోజూ తూచి, చిన్నది పది గ్రాములు తగ్గిందని ఒకనాడు ఇల్లంతా భోజనం మానేసింది. అది పాలు తాగే ముందు తూచామా, తాగిన తరువాత తూచామా అన్న తేడా మాత్రమేనని మరునాడు తెలిసింది. వారానికి ఒకసారి, ఒకే వేళకు, బట్టలు తీసి తూచడం మొదలుపెట్టాక మనసు కుదుటపడింది. వారంవారం ఆసుపత్రికి వెళ్ళగలిగేవారు దీనికి డబ్బు పెట్టనక్కరలేదు. పలమనేరు, కుప్పం వంటి దూరపు ఊళ్ళనుంచి రావలసినవారికి ఉపయోగపడవచ్చు.

బట్టలలో నెలలు నిండని పిల్లల కొలత అంగళ్ళలో దాదాపు దొరకదు. "0–3 నెలలు" అని రాసి ఉన్న జుబ్బాలో మా పిల్లలిద్దరూ కలిసి పట్టేవారు. బజారు వీధిలో కొన్న మల్లు గుడ్డను మా వీధి టైలరుకు ఇచ్చి, ముందు నాడాలతో కట్టుకొనే జుబ్బాలు ఇరవై, టోపీలు పది కుట్టించాము. పెద్దదానికి ఎరుపు నాడాలు, చిన్నదానికి నీలం నాడాలు. నిద్ర చాలని కళ్ళకు ఇద్దరు పిల్లలూ ఒకటిగానే కనిపించే ఆ రోజుల్లో ఈ రంగుల ఏర్పాటు ఒకే బిడ్డకు రెండుసార్లు విటమిన్ డి చుక్కలు వేయకుండా కాపాడింది. లంగోటీలు నలభై కుట్టించినా వానాకాలంలో ఆరక చాలలేదు. రాత్రికి మాత్రం అన్నింటికంటే చిన్న డైపరును నడుము దగ్గర ఒక మడత వేసి వాడాము.

పడక గురించి ఇంట్లో కొంత వాదన నడిచింది. మా అత్తగారికి చీర ఉయ్యాల కావాలి, నాకు ఫోనులో చూసిన, తనంతట తాను ఊగే బ్యాటరీ ఉయ్యాల కావాలి. ఇద్దరమూ ఓడిపోయాము. రెండింటిలోనూ బిడ్డ వీపు వంగి, గడ్డం ఛాతీకి ఆనుతుంది కాబట్టి, గట్టిగా, చదునుగా ఉన్న పరుపుమీద, దిండు లేకుండా, వెల్లకిలా, ఇద్దరినీ వేరువేరు పడకలపై పడుకోబెట్టమని డాక్టరు గారు చెప్పారు. తల గుండ్రంగా రావాలని మా బంధువులు కుట్టి పంపిన ఆవాల దిండ్లు కూడా ఆ మాటతో అటకెక్కాయి. చీర ఉయ్యాలను నామకరణం నాడు మాత్రమే కట్టి, పాట పూర్తయ్యేదాకా ఇద్దరినీ చేతులతో పట్టుకొనే ఊపారు. గొడుగులా తెరిచే దోమతెరలు రెండు మాత్రం తప్పకుండా కొనవలసినవి. కొంతమంది అమ్మే పరుపుతో కూడిన దోమతెర మెత్తగా, గుంటపడేటట్టు ఉంటుంది. విడి తెర మేలు.

పాదానికి తొడిగి, గుండె వేగాన్ని ఫోనుకు పంపే మేజోడు గురించి నన్ను చాలామంది అడిగారు. ఇటువంటి వాటిని నమ్ముకొని నిద్రలో ప్రమాదం తప్పించుకోవచ్చని అనుకోవద్దని అమెరికా పిల్లల వైద్యుల సంఘం చెబుతోంది. నేను కొనలేదు. ఇద్దరు కూర్చునే తోపుడు బండి కొన్నాను. మా వీధిలో అది గేటు దాటదు.

తిరుపతిలో కాపురం ఉండేవారికి మరొక వస్తువు కావాలి. దర్శనానికి వచ్చే చుట్టాలందరూ కొండ దిగి, గుండుతో, లడ్డూ ప్రసాదంతో నేరుగా పిల్లలను చూడడానికి వస్తారు. వద్దనడానికి నోరు రాదు. మేము వాకిట్లోనే కుళాయి పక్కన సబ్బు, తువ్వాలు పెట్టి, "చేతులు కడుక్కొని రండి, జలుబు ఉంటే గుమ్మం నుంచే దీవించండి" అని అట్టమీద రాసి వేలాడదీశాము. మొదట ఒకరిద్దరు నొచ్చుకొన్నారు. సాంబ్రాణి ధూపం కూడా, మా అమ్మ ఎంత అడిగినా, ఇంకా వేయలేదు. ఆ పొగ ఈ ఊపిరితిత్తులకు వద్దని డాక్టరు గారి మాట.

చివరిగా నలభై రూపాయల గీతల పుస్తకం ఒకటి. ఎడమ పుటపై ఎర్ర సిరాతో పెద్దదానివి, కుడి పుటపై నీలి సిరాతో చిన్నదానివి పాలు, మలమూత్రాలు, చుక్కల మందులు రాసేవాళ్ళం. ఇద్దరికీ కలిపి రోజుకు ఇరవైకి పైగా పాలు పట్టే విడతలను ఎవరూ గుర్తుంచుకోలేరు. ఆ పుస్తకం మొదటి పుటపై పెద్ద అక్షరాలతో రాసుకొన్నది కంటి పరీక్ష తేదీ. 34 వారాలలోపు గాని, 2,000 గ్రాములలోపు గాని పుట్టిన బిడ్డకు కంటి లోపలి పొర అయిన రెటీనాను పుట్టిన 30 రోజులలోపు తప్పక చూపించాలి. మా పిల్లలకు 25వ రోజున చూశారు, తరువాత మరి మూడుసార్లు రమ్మన్నారు. ఇప్పుడు ఆ పుటలో అన్నింటికీ గుర్తు పెట్టేశాము. పుస్తకం రెండవది నడుస్తోంది.