జాన్సన్ గారి కాగితాలు, కబుర్లు: ఆస్టిన్, స్టోన్‌వాల్‌లో మా రెండు రోజులు

నాన్న తెనాలి నుంచి వచ్చి నెల దాటింది. డాలస్‌లో, 1963లో అధ్యక్షుడు కెనెడీ మీద కాల్పులు జరిపిన భవనంలోని సిక్స్త్ ఫ్లోర్ మ్యూజియం చూపించాను. ఆడియో గైడ్ బాగుంది, టికెట్ ముందే టైము చూసుకుని కొనుక్కోవాలి. బయటికొచ్చాక నాన్న అడిగింది ఒకటే: "కెనెడీ సంగతి సరే, ఆ మధ్యాహ్నం విమానంలో ప్రమాణం చేసినాయన ఏమయ్యాడురా?" ఆయనే లిండన్ జాన్సన్, కెనెడీ తర్వాతి అధ్యక్షుడు. ఆయన ఊరు మాకు మూడున్నర గంటల దూరమే. ఏప్రిల్ మొదటి వారంలో బయల్దేరాం.

దారిలో వేకో వచ్చేదాకా 1948 కథ చెప్పాను. సెనేట్ సీటుకి డెమోక్రాట్ల అభ్యర్థిని తేల్చే ప్రైమరీలో రెండో విడత పోటీ, అంటే రనాఫ్. దాదాపు పది లక్షల ఓట్లు పడితే జాన్సన్ మెజారిటీ 87. అదీ ఎలా? పోలింగ్ అయిన ఆరు రోజులకి ఆలిస్ అనే ఊళ్లో 13వ నంబరు బాక్సు లెక్కలో 202 ఓట్లు కొత్తగా తేలాయి. అందులో 200 జాన్సన్‌వి. ఆ జాబితా చూసినవాళ్లు చెప్పిందేమంటే, చివరి పేర్లన్నీ ఒకే సిరాతో, అక్షరక్రమంలో ఉన్నాయట. నాన్న పాతికేళ్లు ఎన్నికల డ్యూటీ చేసిన సోషల్ మాస్టారు. పగలబడి నవ్వారు. "అక్షరక్రమంలో క్యూ కట్టే ఓటర్లు నా సర్వీసులో ఒక్కరూ తగల్లేదు!" ఆ బూత్ అధికారి లూయీస్ సాలస్ 1977లో నిజం ఒప్పుకున్నాడని చెబితే, "అప్పటికి జాన్సన్ పోయి నాలుగేళ్లు, ఇంకేం చేస్తారు" అన్నారు.

బస విషయంలో నేను తప్పు చేశాను. ఆస్టిన్ డౌన్‌టౌన్‌లో హోటల్ చవకగా దొరికిందని సంబరపడ్డాను. తీరా వెళ్లాక కారు పెట్టుకోవడానికి రాత్రికి యాభై డాలర్లకు పైనే. రూములో మైక్రోవేవ్ లేదు, నాన్న పెరుగన్నం చల్లగానే తిన్నారు. రెండో రాత్రి ఊరి ఉత్తరాన మామూలు హోటల్‌కి మారాం. పార్కింగ్ ఫ్రీ, పొద్దున టిఫిన్ ఫ్రీ, నిద్ర కూడా బాగా పట్టింది. మార్చి మధ్యలో మాత్రం ఆస్టిన్ వైపు వెళ్లకండి, అక్కడి పెద్ద ఫెస్టివల్ వల్ల రేట్లు ఆకాశంలో ఉంటాయి.

ఇక అసలు చోటు, యూనివర్సిటీ క్యాంపస్‌లోని ఎల్‌బీజే (జాన్సన్ పేరుకి పొడి అక్షరాలు) లైబ్రరీ, ఆయన కాగితాలు దాచిన చోటు. 1971లో తెరిచారు. కిటికీలు పెద్దగా లేని పదంతస్తుల తెల్లటి రాతి భవనం. పై హాల్లోకి వెళ్లి తలెత్తితే అద్దాల వెనక నాలుగు అంతస్తుల నిండా ఎర్ర పెట్టెలు, ఒక్కోదాని మీద బంగారు రంగు ముద్ర. మొత్తం నాలుగున్నర కోట్ల పేజీలట. నాన్న మెట్ల దగ్గరే ఆగిపోయారు. మా తాలూకాఫీసు రికార్డు రూము, చెదపురుగులు, తాడు కట్టిన కట్టలు ఆయన కళ్ల ముందు తిరిగినట్టున్నాయి. "ఇవన్నీ ఎవరైనా చూడొచ్చా?" రీడింగ్ రూములో పేరు నమోదు చేసుకుంటే తెరిచిన పెట్టెలు చూడొచ్చు.

నాకు ఎక్కువ నచ్చినవి ఫోన్లు. రిసీవర్ చెవికి ఆనించుకుంటే జాన్సన్ గొంతే వినిపిస్తుంది. తన ఫోన్ సంభాషణలు రికార్డు చేయించింది ఆయనే, తను పోయాక యాభై ఏళ్లు తెరవొద్దన్నదీ ఆయనే. లైబ్రరీ వాళ్లు అంతకాలం ఆగకుండా 1990లలోనే విడుదల మొదలుపెట్టారు. 1964 మే 27న వియత్నాం గురించి తన సలహాదారు బండీతో, అది పోరాడదగ్గది కాదనీ, బయటపడే దారీ కనబడదనీ ఆయన అంటారు. ఇది నేను ఇంటికొచ్చాక ఇంటర్నెట్‌లో పూర్తిగా విన్నాను. మరుసటి ఏడాదే వేలమంది సైనికుల్ని పంపిన మనిషి ఆయన. టేపు లేకపోతే ఈ మాట ఎవరు చెప్పినా నేను నమ్మేవాణ్ణి కాదు.

నమ్మకం అంటే గుర్తొచ్చింది. ఆ సాయంత్రం డబ్బులు పోసి ఒక వ్యాన్ టూర్ ఎక్కాం. 1964 పౌరహక్కుల చట్టం మీద సంతకం పెడుతూ జాన్సన్ "దక్షిణాదిని పోగొట్టుకున్నాం" అని సభలోనే ప్రకటించాడని గైడ్ చెప్పాడు. సభలో కాదు. ఆ రాత్రి తనతో అలాంటి మాట అన్నాడని సహాయకుడు బిల్ మోయర్స్ తర్వాత గుర్తుచేసుకున్నాడు, అంతే. అప్పటిదాకా దక్షిణాది జాన్సన్ పార్టీ డెమోక్రాట్ల కంచుకోట, ఈ చట్టంతో అది చేజారుతుందని ఆయన మాటకి అర్థం. లెక్కలు మాత్రం గట్టివి. సెనేట్‌లో ఆ బిల్లుకు 27 మంది రిపబ్లికన్లు అనుకూలం, ఆరుగురే వ్యతిరేకం. వ్యతిరేకించిన డెమోక్రాట్లు 21 మంది. ఆ నవంబర్ అధ్యక్ష ఎన్నికల్లో జాన్సన్ 44 రాష్ట్రాలు గెలిచినా, లూసియానా నుంచి సౌత్ కరోలినా దాకా అయిదు దక్షిణాది రాష్ట్రాలు రిపబ్లికన్ ప్రత్యర్థి గోల్డ్‌వాటర్‌కి పోయాయి. టెక్సస్ అయితే 1976 తర్వాత మళ్లీ డెమోక్రాట్ అధ్యక్షుణ్ణి ఎన్నుకోలేదు. వ్యాన్ డబ్బులు దండగ. టెక్సస్ శాసనసభ ఉండే కేపిటల్ భవనంలో ఉచిత టూర్ దానికన్నా వంద రెట్లు మేలు.

రెండో రోజు 290 హైవే మీద పడమటికి. ఇరువైపులా బ్లూబానెట్ పూలు. జాన్సన్ సిటీ పేరు ఈయన మీద పెట్టింది కాదు, ఊరు కట్టిన చుట్టం పేరు. చిన్నప్పటి ఇల్లు అరగంటలో అయిపోతుంది. ఆయన రాంచ్ (పశువుల పొలం) ఉన్న స్టోన్‌వాల్‌లో పార్కు ఆఫీసు దగ్గర ఫ్రీ పర్మిట్ తీసుకుని మన కారులోనే రాంచ్ అంతా తిరగొచ్చు. చిన్న బడి, ఆయన తిరిగిన చిన్న జెట్, ఓక్ చెట్ల నీడలో కుటుంబ సమాధులు. ఆ బడి ముందే, తన మొదటి టీచరమ్మని పక్కన కూర్చోబెట్టుకుని 1965లో విద్యా చట్టం మీద సంతకం పెట్టారు. మాస్టారు గారు అక్కడ ఫొటో దిగకుండా ఉంటారా!

అదే ఏడాది అక్టోబర్ 3న వలస చట్టం. అంతకుముందు ఇండియాకి కోటా ఏడాదికి వంద మంది. ఇది విప్లవాత్మకమైన బిల్లు కాదు, లక్షలమంది జీవితాల్ని మార్చదు అని సంతకం చేస్తూ జాన్సనే అన్నారు. నేనుండే అపార్ట్‌మెంట్లలో తెలుగువాళ్లే ఆ వంద కన్నా ఎక్కువ.

పీచ్ పళ్లు మే నుంచి వస్తాయట, మాకు జామ్ సీసాలే దొరికాయి. తిరుగు దారిలో నాన్న తెనాలి ఫ్రెండుకి ఫోన్ చేసి పెట్టెల గురించి, 13వ బాక్సు గురించి చెబుతున్నారు. మెజారిటీ 78 అన్నారు. నేను వెనక్కి తిరక్కుండానే "ఎనభై ఏడు నాన్నా" అన్నాను.