నేపాల్ సరుకుకు ఏ రేవు మేలు: విశాఖా, కోల్‌కతానా?

మ్యాపు చూసి తేల్చేస్తే కోల్‌కతాకే ఓటు. అక్కడి నుంచి నేపాల్ సరిహద్దు పట్టణం బీర్‌గంజ్‌కు రైలు దారి సుమారు 700 కిలోమీటర్లు, విశాఖ నుంచి దాదాపు 1,400. సముద్రం లేని నేపాల్‌కు దశాబ్దాల పాటు కోల్‌కతా, హల్దియాలే దిక్కు. 2016లో విశాఖ కూడా ట్రాన్సిట్ రేవైంది, అంటే నేపాల్ సరుకు మన దేశం గుండా వెళ్లడానికి దిగే రేవు. రెట్టింపు దూరమున్నా ఇటు సరుకు రావడానికి అసలు కారణం నీటి లోతు.

కోల్‌కతా నదీ రేవు. ఓడ పైలట్ సాయంతో హుగ్లీలో 200 కిలోమీటర్లకు పైగా ఎదురెక్కాలి, పోటు చూసుకోవాలి, రేవులోకి నీటిమట్టం సరిచేసే లాక్ గేటు దాటాలి. పెద్ద ఓడలు అక్కడిదాకా రాలేవు గనక చైనా నుంచి వచ్చే కంటైనర్ సింగపూర్‌లోనో కొలంబోలోనో దిగి, చిన్న ఫీడర్ ఓడ కోసం కాచుకుంటుంది. అక్కడ ఎన్నాళ్లు ఆగుతుందో ముందుగా చెప్పడం కష్టం. విశాఖ కంటైనర్ టెర్మినల్ ఔటర్ హార్బర్‌లో ఉంది. లోతు 15 మీటర్లకు తగ్గదు, పెద్ద ఓడ నేరుగా బెర్తుకే, అంటే సరుకు దించే చోటికే వస్తుంది.

విశాఖలో చిక్కు రేక్ దగ్గర, అంటే పూర్తి గూడ్సు రైలు నింపే దగ్గర మొదలవుతుంది. ఒక కంటైనర్ రైలుకు 45 వ్యాగన్లు, వాటిలో 20 అడుగుల పెట్టెలు 90 పడతాయి. రెండు పెట్టెలు తెప్పించుకున్నవాడు మిగతా 88 పోగయ్యేదాకా యార్డులో ఆగాల్సిందే. సముద్రం మీద ఆదా అయిన రోజులు అక్కడే కరిగిపోతాయి. అదే కోల్‌కతాలో అయితే ఆ రెండూ లారీ ఎక్కి వెళ్లిపోతాయి. కాబట్టి చిల్లర సరుకుకు కోల్‌కతాయే నయం. విరాట్‌నగర్ వైపు, అంటే తూర్పు నేపాల్‌కు వెళ్లే సరుకుకూ అంతే. ముడి వంటనూనెకు హల్దియాను మించింది లేదు.

రేక్ నింపగల కర్మాగారాలకు మాత్రం విశాఖే. పాలిస్టర్ ఫైబర్, ప్లాస్టిక్ గుళికలు, యంత్రాల లాంటివి తూర్పు ఆసియా నుంచి తెప్పించుకునేవారు నలుగురు కలిసి ఒకే ఓడకు బుక్ చేసుకున్నా చాలు.

కాగితాల పనిలో రెండు రేవులకూ తేడా లేదు. 2019 నుంచి కంటైనర్‌కు ఎలక్ట్రానిక్ సీల్ వేస్తున్నారు. దారిలో ఎవరైనా దాన్ని కదిలిస్తే కస్టమ్స్‌కు వెంటనే తెలుస్తుంది. ఈ పద్ధతిలో ట్రాన్సిట్ పని షిప్పింగ్ లైనే చూసుకుంటుంది. అందుకు బిల్ ఆఫ్ లేడింగ్‌లో (షిప్పింగ్ లైన్ ఇచ్చే సరుకు రసీదులో) చివరి గమ్యం బీర్‌గంజ్ అని ఉండాలి. అక్కడ రేవు పేరు రాయించుకుంటే పని మళ్లీ ఏజెంటు నెత్తిన పడుతుంది, కంటైనర్ తిరిగివ్వడం ఆలస్యమైన ప్రతి రోజుకూ డిటెన్షన్ అనే రుసుము కట్టాలి.

రెండు దేశాల ఆర్థిక వ్యవస్థలు ముడిపడాలంటే రైలు ఒక్కటే చాలదు, ఏం మోస్తోందో కూడా చూడాలి. తయారైన వస్తువులు వెళ్తే రేవుకు ఛార్జీలు, రైల్వేకు కిరాయి, అంతే. ముడిసరుకు వెళ్తే లెక్క వేరు. 2009 వాణిజ్య ఒప్పందం ప్రకారం, నేపాల్‌లో కనీసం 30 శాతం విలువ జోడించి, టారిఫ్ శీర్షిక (కస్టమ్స్ పట్టికలో వస్తువు వర్గం) మారేలా తయారుచేసిన సరుకుకు, ఈ రాయితీ వర్తించని వస్తువుల జాబితాలో లేనంతవరకు, మన దేశంలో కస్టమ్స్ సుంకం ఉండదు. ఫైబర్‌గా విశాఖలో దిగిన సరుకు నూలై సరిహద్దు దాటి మన మగ్గాలకు రావచ్చు.

కాకపోతే ఆ నూలు, పెద్ద యాలకులు, తేయాకు ఎక్కువగా లారీల్లో వచ్చి సరిహద్దు దగ్గరే దిగిపోతాయి, రేవుదాకా రావు. రైలు ఖాళీ పెట్టెలతో వెనక్కి వస్తుంది, ఆ ఖర్చు కూడా చివరికి దిగుమతిదారు మీదే పడుతుంది. ఇక్కడ విశాఖకు ఒక అనుకూలత ఉంది. ఫెర్రో అల్లాయ్స్ (ఉక్కు తయారీలో వాడే ఇనుప మిశ్రమ లోహాలు), గ్రానైట్, మిర్చి ఎగుమతిదారులకు ఖాళీ పెట్టెలు ఎప్పుడూ కావాలి. రొయ్యలకు మాత్రం ఇవి పనికిరావు, వాటికి రీఫర్లే, అంటే శీతల కంటైనర్లే కావాలి. ఖాళీల కోసం వెతికే మన ఎగుమతిదారులనూ, ఖాళీలు వెనక్కి పంపే నేపాల్ మిల్లులనూ ఒకే షిప్పింగ్ లైన్ దగ్గర కలిపితే కిరాయి తగ్గించమని గట్టిగా అడగవచ్చు.

కొటేషన్ అడిగేటప్పుడు రేవుదాకా కాకుండా బీర్‌గంజ్ డిపోదాకా అడగండి. అందులో ఫ్రీ డేస్ (డిటెన్షన్ పడకుండా కంటైనర్ ఉంచుకోగల రోజులు) ఎన్ని, ఖాళీ పెట్టె ఎక్కడ అప్పగించాలి, రేక్ నిండకపోతే గరిష్ఠంగా ఎన్ని రోజులు ఆపుతారు అనే మూడూ రాతపూర్వకంగా తీసుకోండి.