టేకు చెట్ల ఊళ్ళో రెండు రాత్రులు: జావాలోని ఎంగ్లాంగెరాన్

ముందే చెప్పేస్తాను. ఇండోనేషియాలో యోగ్యకర్త దాకా వెళ్ళేవాళ్ళు ఎంగ్లాంగెరాన్‌లో రెండు రాత్రులు ఉండండి. సగం పూట టూర్‌లో చూసొచ్చే ఊరు కాదది. నేను రెండు రకాలుగానూ వెళ్ళాను కాబట్టే ఇంత గట్టిగా చెప్తున్నాను.

మాది నిర్మల్ దగ్గర పల్లె. బాపుకు, అంటే మా నాన్నకు 64 ఏళ్ళు, ఇప్పటికీ వ్యవసాయమే, చెలక గట్ల మీద యాభై అరవై టేకు చెట్లున్నాయి. బోరోబుదూర్ బుద్ధుడి గుడిని ఒక్కసారి చూడాలని ఆయనకు ఎప్పటినుంచో కోరిక, అందుకే పోయిన ఏడాది మే చివర్లో ఇద్దరం బయల్దేరాం. హైదరాబాద్ నుంచి కౌలాలంపూర్ మీదుగా యోగ్యకర్త కొత్త ఎయిర్‌పోర్టుకి. వీసా దిగాక కూడా ఇస్తారు, 5 లక్షల రుపయ్యా, అంటే మన డబ్బుల్లో రెండున్నర వేల పైన. ముందే ఆన్‌లైన్‌లో తీసుకుంటే లైన్లో నిలబడే పని తప్పుతుంది. ఎయిర్‌పోర్టు ఊరికి చాలా దూరం, కానీ అక్కడినుంచే రైలుంది, నలభై నిమిషాల్లో సిటీ మధ్యలో దింపుతుంది. టాక్సీవాళ్ళు పిలిచినా వెళ్ళకండి, రైలే నయం. బోరోబుదూర్ పైదాకా ఎక్కాలంటే రోజుకు ఇంతమందని లెక్క ఉంది, ఆ టికెట్ ముందే బుక్ చేసుకోవాలి, వాళ్ళిచ్చిన చెప్పులే వేసుకుని ఎక్కాలి. దాని గురించి రాసినవాళ్ళు చాలామంది ఉన్నారు, నేను ఊరి దగ్గరికి వస్తాను.

ఎంగ్లాంగెరాన్ సిటీకి దాదాపు పాతిక కిలోమీటర్లు, గునుంగ్ కిదుల్ జిల్లాలో, పతుక్ అనే మండలం లాంటి దాని కింద ఉంటుంది. గునుంగ్ అంటే కొండ, కిదుల్ అంటే దక్షిణం. మొదటిసారి సిటీలో ఒక ఏజెన్సీ ద్వారా వెళ్ళాం. "అక్కడ ఉండటానికేం లేదు, సాయంత్రం సన్‌సెట్ చూసి వచ్చేయొచ్చు" అన్నారు. దారిలో బాటిక్ బట్టల షాపు దగ్గర గంట, కాఫీ అమ్మేచోట ముప్పావుగంట ఆపారు, మేం కొనకపోతే డ్రైవర్ ముఖం మాడిపోయింది, చివరికి ఊరికి చేరేసరికి చీకటి పడుతోంది. చెరువు గట్టున పది నిమిషాలు నిలబడి వెనక్కి వచ్చాం. అక్కడ ఉండటానికి ఏం లేదన్నది అబద్ధం. ఆ గట్టు మీదే ఊరి కుర్రాడొకడు ఫోన్లో హోమ్‌స్టే ఫోటోలు చూపించాడు. ఊళ్ళోవాళ్ళే నడిపే టూరిజం సంఘం ఉంది, నేరుగా వాళ్ళకు వాట్సాప్ చేస్తే సరిపోతుంది, ఇల్లు, భోజనం, గైడ్ అన్నీ వాళ్ళే చూస్తారు. రెండ్రోజుల తర్వాత గ్రాబ్ కారులో (మన ఓలా, ఊబర్ లాంటిదే) సామాన్లతో మళ్ళీ వెళ్ళాం. ఒక్క జాగ్రత్త: సిటీ నుంచి ఊరికి కారు సులువుగా దొరుకుతుంది, ఊరి నుంచి సిటీకి దొరకదు. తిరుగు ప్రయాణానికి ఇంటివాళ్ళకు ముందురోజే చెప్పుకోండి, పక్కింటి కారు మాట్లాడి పెడతారు.

ఇల్లు గూన పెంకులది, మధ్యలో నాలుగు టేకు స్తంభాలు, వాటి మీద దూలాలు. బాపు లోపలికి అడుగుపెట్టగానే సామాను కింద పెట్టకుండా స్తంభాన్ని అరచేత్తో నిమిరి "చేవ చూడు బిడ్డా, మన తాతల నాటి ఇల్లు లెక్కనే ఉంది" అన్నాడు. ఇంటావిడకు తెలుగు రాదు, మాకు జావా భాష రాదు, కానీ ఆ నిమరడం ఆవిడకు అర్థమైంది, నవ్వుతూ "జాతి" అంది. జాతి అంటే వాళ్ళ భాషలో టేకు. నిజమైనది, అసలైనది అన్న అర్థం కూడా అదే మాటకు ఉందట. నేను "బాపూ, కూర్చో" అని పిలిస్తే ఆవిడ ఆశ్చర్యంగా చూసింది, ఎందుకంటే అక్కడ తండ్రిని పిలిచే మాట బాపాక్. ఆ తర్వాత ఆ ఇంట్లో అందరికీ మా నాన్న పేరు బాపాకే అయిపోయింది.

వసతి సంగతి ఉన్నదున్నట్టు చెప్తాను. గది శుభ్రంగా ఉంది, పరుపు కొంచెం గట్టిది, ఏసీ లేదు, అవసరం కూడా పడలేదు, రాత్రి దుప్పటి కప్పుకునేంత చల్లగా ఉంది. గీజర్ లేదు. బాత్రూంలో తొట్టి, మగ్గు, కింద కూర్చునే లెట్రిన్. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళతో వెళ్తే వెస్ట్రన్ టాయిలెట్ ఉన్న ఇల్లు కావాలని ముందే అడగండి, కొన్ని ఇళ్ళలో ఉంది. దోమలున్నాయి. తెల్లవారుజామున నాలుగున్నరకే అజాన్, దాని వెనకే కోళ్ళు, ఆలస్యంగా లేచే అలవాటున్నవాళ్ళకు కష్టం. రెండు పూటల భోజనంతో మనిషికి రోజుకు మన లెక్కలో వెయ్యి రూపాయలకు అటూ ఇటూగా పడింది. సిటీలో మేమున్న హోటల్ గది దీనికి మూడింతలు, పొద్దున బ్రెడ్డు ముక్కలు తప్ప ఏమీ లేవు.

భోజనం మాకు బాగా కుదిరింది. అన్నం, కొబ్బరిపాలతో కూరగాయల పులుసు, పసుపు వెల్లుల్లి పట్టించి వేయించిన టెంపే, పక్కన మిరపకాయ నూరిన సాంబల్. టెంపే అంటే సోయా గింజల్ని పులియబెట్టి బిళ్ళలా కట్టింది. బాపు శనివారం నీచు ముట్టడు, ఆ రోజు టెంపేతోనే రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాడు. శాకాహారులు ఒక్క మాట గుర్తుపెట్టుకోండి, సాంబల్‌లో రొయ్యల ముద్ద కలుపుతారు, దాని పేరు తెరాసి. "తెరాసి వద్దు" అని ముందే చెప్తే మామూలుగా మిరపకాయ నూరి ఇస్తారు. రెండో రోజు పొద్దున తివుల్ పెట్టారు, ఎండబెట్టిన కర్రపెండలం పిండిని ఆవిరి మీద ఉడికించి పైన కొబ్బరి తురుము. ఒకప్పుడు బియ్యం దొరకని రోజుల్లో ఈ జిల్లా అంతా దీని మీదే బతికిందట, మన దగ్గర జొన్న గట్క తిని బతికినట్టు. ఇప్పుడు సిటీ నుంచి వచ్చినవాళ్ళు ఇష్టంగా కొనుక్కుపోతున్నారు.

ఆ ఇంటి పెద్దాయనతో కలిసి చేలల్లోకి వెళ్ళడం ఏ ప్యాకేజీలోనూ లేదు, మా ప్రయాణం మొత్తంలో నాకు బాగా గుర్తుండిపోయింది మాత్రం అదే. మెట్లు మెట్లుగా వరి మడులు, వాటి పైన మెట్ట, మెట్టలో పల్లికాయ, కర్రపెండలం, గట్ల మీద టేకు, మహాగని. చెట్టు, పంట కలిపి పెంచడాన్ని వాళ్ళు తుంపాంగ్ సారి అంటారు. మేం వెళ్ళినప్పుడు ఇళ్ళ ముందు తార్పాలిన్ల మీద పల్లికాయ ఆరబోసి ఉంది. పెద్దాయన ఒక్కో చెట్టు దగ్గర ఆగి రెండు చేతులతో కౌగిలించినట్టు పట్టుకుని చుట్టుకొలత చూపిస్తాడు, బాపు వెంటనే జానలతో కొలిచి వేళ్ళ మీద వయసు లెక్క చెప్తాడు, ఆయన తల ఊపుతాడు, లేదంటే ఇంకో రెండు వేళ్ళు కలుపుతాడు. నేను ఫోన్లో ట్రాన్స్‌లేట్ యాప్ తెరిచి పట్టుకున్నాను, గంటసేపట్లో ఇద్దరూ నా వైపు చూసింది రెండు మూడుసార్లే.

ఆ యాప్ సాయంతోనే తెలిసిన మాట ఇది: తెబాంగ్ బుతుహ్. అవసరానికి కొట్టడం అని అర్థం. అక్కడి రైతు టేకు తోటను ఒకేసారి నరికి అమ్మడు. పిల్లల ఫీజో, పెళ్ళో, ఆస్పత్రి ఖర్చో వచ్చినప్పుడు ఒకటో రెండో చెట్లు కొట్టి అమ్ముతాడు, మిగతావి అలాగే పెరుగుతాయి, కొట్టిన మొద్దు నుంచి పిలకలు వస్తాయి. అడవి వ్యాపారం చేసేవాళ్ళు దీన్ని తప్పు పడతారు, చెట్టు పూర్తిగా లావెక్కక ముందే పోతుందని, అవసరంలో ఉన్నవాడికి మంచి రేటు రాదని. అది నిజమే. కానీ బ్యాంకు దగ్గర చెయ్యి చాపకుండా గట్టు మీద దాచుకున్న డబ్బు కదా అది. మా ఊళ్ళో ఆడపిల్ల పుట్టినప్పుడు టేకు మొక్కలు పెట్టినవాళ్ళను నేను చూశాను, అందుకే ఆ మాట విన్నప్పుడు నాకు కొత్తగా అనిపించలేదు.

ఇంటావిడ మనవరాలు, ఆరేడేళ్ళ పిల్ల, దారి పక్కన లేత టేకు ఆకు ఒకటి తెంపి రెండు అరచేతుల మధ్య గట్టిగా నలిపింది. చేతులు ఎర్రగా అయ్యాయి, తెచ్చి నాకు చూపించింది. చిన్నప్పుడు గోరింటాకు దొరకనప్పుడు మేం చేసిన పని అచ్చం అదే. నేనూ ఒక ఆకు తెంపి నలిపి నా చేతులు చూపించాను, ఆ పిల్ల గట్టిగా అరిచి వాళ్ళ అమ్మమ్మను పిలుచుకొచ్చింది. ఆ ఎరుపు మర్నాటిదాకా పోలేదు.

కోకో కూడా ఈ ఊరి పంటే. చెట్టు మొదలుకే కాయలు అతుక్కుని ఉంటాయి. కాయ కోసి చూస్తే గింజల చుట్టూ తెల్లటి గుజ్జు, సీతాఫలం గుజ్జులా మెత్తగా తియ్యగా పుల్లగా ఉంటుంది, దాంట్లో చాక్లెట్ వాసన అసలుండదు. గింజల్ని రోజుల తరబడి పులియబెట్టి ఎండలో ఆరబెట్టాక, వేయించినప్పుడే ఆ వాసన వస్తుంది. ఊళ్ళో గ్రియా చోక్‌లాత్ అనే చాక్లెట్ ఇల్లు ఉంది, 2016లో మొదలైంది. గ్రియా అంటే మన గృహమే. మనమే గింజలు వేయించి, నూరి చాక్లెట్ చేసుకునే వర్క్‌షాప్ పెడతారు, పిల్లలున్నవాళ్ళు తప్పకుండా చేయించండి. అక్కడ మేకపాలు కలిపిన చాక్లెట్ పొడి కొన్నాం. ఆ మేకల పేరు ఎతావా. డచ్చివాళ్ళ కాలంలో మన ఉత్తరప్రదేశ్‌లోని ఇటావా వైపు నుంచి తెచ్చిన జమునాపారి మేకల సంతతి. నేలకు ఎత్తుగా చెక్కలతో కట్టిన కొట్టాల్లో ఉంటాయి, పెంటికలు సందుల్లోంచి కింద పడతాయి, అదే కోకో చెట్లకు ఎరువు. బాపు ఆ కొట్టం కట్టిన తీరు నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీయించాడు.

ఇక టూరిస్టులంతా వచ్చేది కొండకోసం. గునుంగ్ ఆపి పుర్బా అంటారు, పూర్వపు అగ్నికొండ అని. కోట్ల ఏళ్ళ నాడే చల్లారిన అగ్నిపర్వతం, ఇప్పుడు నల్లటి పెద్ద పెద్ద బండలు. గంటన్నర ఎక్కాలి, ఒకచోట రెండు బండల మధ్య ఒక్క మనిషి పక్కకు తిరిగి దూరేంత సందు. బాపు అక్కడిదాకా వచ్చి ఆగిపోయాడు, నేను గైడ్‌తో పైకి వెళ్ళాను. పొద్దున్నే ఎక్కితే ఉత్తరాన మెరాపి అగ్నిపర్వతం కనిపిస్తుంది. వానాకాలంలో మాత్రం వద్దు, బండలు జారతాయి. కొండమీద కాంపుంగ్ పితు అనే పల్లె ఉంది, పితు అంటే ఏడు, అక్కడ ఏడు కుటుంబాలే ఉండాలన్న ఆచారం, పిల్లలకు పెళ్ళయితే కిందికి వచ్చేయాలి. దానికి అరగంట చాలు, వాళ్ళ ఇళ్ళల్లోకి తొంగి చూడకండి. చెరువును ఎంబుంగ్ అంటారు, 2013లో యోగ్యకర్త సుల్తాన్ ప్రారంభించాడు, పళ్ళతోటలకు నీళ్ళకోసం కట్టింది. దురియన్, లాంగన్ పళ్ళకోసమే వెళ్తే మే నెల దండగ, వానాకాలంలో వెళ్ళాలి. ఊళ్ళో ఉన్న జలపాతం మే చివరికే సన్నబడిపోయింది, మేం వెళ్ళినందుకు పెద్దగా చూసిందేం లేదు.

ఈ ఊరివాళ్ళ మీద నాకు గౌరవం పెరగడానికి అసలు కారణం ఇంకొకటి. బోడిగా ఉన్న బండల చుట్టూ చెట్లు నాటి ఈ పనంతా మొదలుపెట్టింది ఊరి కుర్రాళ్ళ సంఘం. 2014లో ఏడాదికి 3 లక్షల మందికి పైగా జనం వచ్చారు. తొక్కిడి, చెత్త, గొడవ. అప్పుడు వాళ్ళు ఇంకా ఎక్కువమందిని పిలవలేదు, టికెట్ రేటు పెంచి, రాత్రి ఉండేవాళ్ళ మీద దృష్టి పెట్టారు. మూడేళ్ళలో వచ్చేవాళ్ళు సగానికి తగ్గారు, ఊరి ఆదాయం మాత్రం పెరిగింది. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల మొదటి జాబితాలో ఈ ఊరి పేరు వచ్చింది. మేమున్న రెండ్రోజుల్లో ఒక్కరు కూడా వెంటపడి ఏదీ అమ్మలేదు, ఎందుకంటే ఎవరి పొలం పని వాళ్ళకుంది.

అదే జిల్లాలో ఉన్న పిందుల్ గుహ కూడా చూశాం, ట్యూబు మీద కూర్చోబెట్టి నీళ్ళ మీద గుహలోపలికి తీసుకెళ్తారు, సరదాగానే ఉంది కానీ సెలవురోజు వెళ్తే ట్యూబులు ఒకదానికొకటి గుద్దుకుంటాయి. దానికంటే వనగామ నాకు నచ్చింది. గజమద యూనివర్సిటీవాళ్ళ అడవి, 1960లలో సున్నపురాయి తేలిన బంజరులో పది హెక్టార్లతో మొదలుపెట్టి ఇప్పుడు ఆరు వందల హెక్టార్లు చేశారు. అడవి పేరు వినగానే వనం అన్నమాట మనకు దానంతటదే తడుతుంది. షాపులూ తినుబండారాలూ తక్కువ, నీళ్ళు తీసుకెళ్ళండి. ఆ దారుల్లో వేయించిన మిడతలు అమ్ముతారు, టేకు చిగురు తిని బతికే పురుగుల ప్యూపాలు కూడా తొలకరికి ఏరుకొచ్చి వేపుతారట. మేం మిడతలు ఒక ప్యాకెట్ కొన్నాం, ఉప్పు వెల్లుల్లి రుచి, రొయ్యపొట్టు తిన్నట్టుంది.

బయల్దేరే రోజు ఇంటావిడ పల్లికాయ ఒక సంచిలో పోసి ఇచ్చింది, డబ్బులివ్వబోతే తీసుకోలేదు. "మతుర్ నువున్" అని బాపు జావా భాషలో థాంక్స్ చెప్పాడు, రెండ్రోజులు ప్రాక్టీస్ చేసి.

డిసెంబర్‌లో ఆవిడ నుంచి వాట్సాప్‌లో ఒక ఫోటో వచ్చింది. గట్టు మీద బాపు జానలతో కొలిచిన చెట్టు లేదు, వానకు తడిసిన మొద్దు, దాని పక్కనుంచి అరచేయంత పిలక. కింద రాసింది యాప్‌లో పెడితే "పెద్ద మనవడు కాలేజీలో చేరాడు" అని వచ్చింది. బాపుకు చూపించాను. కళ్ళద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసి, "ఎంతకు పోయిందో అడుగు బిడ్డా" అన్నాడు.