బియర్డెడ్ డ్రాగన్‌కు హాలోజన్, టీ5 ట్యూబ్ జోడీ: ఏళ్ల వాడకం తర్వాత

పెంపుడు బల్లి బియర్డెడ్ డ్రాగన్ పెట్టెలో వేడి, యూవీబీ (ఎముకల ఆరోగ్యానికి కావాల్సిన అతినీలలోహిత కిరణాలు) రెండూ ఒకే బల్బులో ఇచ్చే మెర్క్యురీ వేపర్ దీపం కన్నా విడివిడి దీపాలే మేలు. ఆ బల్బు డిమ్మర్‌తో పనిచేయదు. పెట్టె కాగిపోతే ఆర్పడమొక్కటే దారి, ఆర్పితే యూవీబీ కూడా పోతుంది.

నాలుగడుగుల పెట్టెకు యూవీబీ కోసం రిఫ్లెక్టర్ ఉన్న 39 వాట్ల, 12 శాతం యూవీబీ రకం టీ5 హెచ్‌ఓ (ఎక్కువ బలం ఇచ్చే సన్న ట్యూబ్‌లైట్) ట్యూబ్, పక్కనే వేడి కోసం 75 వాట్ల హాలోజన్ ఫ్లడ్ (వెలుగును వెడల్పుగా పరిచే) బల్బు సరిపోతాయి. గది చల్లనిదైతే 100 వాట్లు. స్పాట్ బల్బు వద్దు, వీపు మీద ఒక్కచోటే చురుక్కుమనిపిస్తుంది. రెండు దీపాల వెలుగూ ఒకే రాయి మీద పడాలి, అవతలి చివర నీడగా ఉండాలి. రాయి పైభాగం 40 డిగ్రీలు, చల్లని వైపు 25 చాలు. గోడకు అతికించే డయల్ థర్మామీటర్‌ను నమ్మకండి, తాకకుండానే ఉష్ణోగ్రత చూపే ఇన్‌ఫ్రారెడ్ గన్‌తో రాయినే కొలవండి. హాలోజన్‌కు డిమ్మింగ్ థర్మోస్టాట్ (వేడిని బట్టి దీపాన్ని మెల్లగా తగ్గించి పెంచేది) కావాలి. ఆన్-ఆఫ్ రకం పెడితే దీపం పదేపదే ఆరి వెలుగుతుంది. రాత్రి 18 డిగ్రీల కన్నా తగ్గితేనే వెలుగు లేకుండా వేడి మాత్రమే ఇచ్చే సిరామిక్ హీటర్, అదీ పింగాణీ హోల్డర్‌లోనే. ఎర్ర బల్బులు అనవసరం.

అసలు చిక్కంతా యూవీబీతోనే. గాజు దాన్ని దాదాపు మొత్తం ఆపేస్తుంది, సన్న జాలీ మూడో వంతుకు పైనే మింగేస్తుంది. అందుకే ట్యూబ్‌ను జాలీకి లోపలి వైపు, జంతువు వీపుకు సుమారు 40 సెంటీమీటర్ల ఎత్తున బిగించడం మంచిది. వీపు ఎత్తులో సోలార్‌మీటర్ 6.5 అనే చేతి మీటర్ చూపే యూవీ ఇండెక్స్ (కిరణాల బలాన్ని చెప్పే అంకె) 4 నుంచి 5 మధ్య ఉండాలి. ఖరీదైనా ఈ జోడీకి తోడుగా కొనాల్సిన మొదటి వస్తువు ఆ మీటరే. ట్యూబ్ పాతబడినా వెలుగు అలాగే కనబడుతుంది, లోపల యూవీబీ మాత్రం పడిపోతుంది. కొత్త ట్యూబ్ వంద గంటలు వెలిగాక రీడింగ్ రాసిపెట్టుకుని, అందులో మూడో వంతు తగ్గగానే మార్చేయాలి. మీటర్ లేకపోతే ఏడాదికోసారి మార్చాలి.

రాయి కింద ఇంకో పలక పెట్టినా, కొత్త కొమ్మ చేర్చినా మళ్లీ కొలవాల్సిందే. పది సెంటీమీటర్లు దగ్గరైతే ఇండెక్స్ బాగా ఎగబాకుతుంది. కళ్లు సగం మూసుకుని నీడలోకి జరుగుతోందంటే మోతాదు ఎక్కువైందేమో చూడాలి. కాళ్లు వణకడం, దవడ మెత్తబడడం యూవీబీ చాలకపోతే వచ్చే ఎముకల జబ్బు గుర్తులు. అప్పుడు ట్యూబ్ మార్చి ఊరుకోకుండా వెంటనే పశువైద్యుడికి చూపించాలి.

చుట్టలా ఉండే కాయిల్ యూవీబీ బల్బు ఈ జంతువుకు చాలదు. దూరం పెరిగేకొద్దీ దాని బలం త్వరగా పడిపోతుంది, ఒళ్లంతా కిరణాలు పడేలా చేయలేదు. ఈ జోడీలో లోటల్లా హాలోజన్ ఆయుష్షు, చెప్పకుండా మాడిపోతుంది. అదే వాటేజీలో ఇంకో బల్బు ఎప్పుడూ చేతిలో ఉండాలి.