చంద్రగిరి కోట మ్యాప్‌లంటూ అమ్ముతున్న బొమ్మల ప్యాక్‌తో జాగ్రత్త

ఆన్‌లైన్‌లో డీ అండ్ డీ (డంజన్స్ అండ్ డ్రాగన్స్) లాంటి, పాత్రలు వేసుకుని కథలా ఆడే టేబుల్‌టాప్ ఆటలు నడిపే తిరుపతి, చిత్తూరు అన్నలకు, అక్కలకు ఒక మాట. చంద్రగిరి కోట, తలకోన అడవి బ్యాటిల్ మ్యాప్‌లు (ఆటలో పోరాటం జరిగే చోటును చూపే బొమ్మలు), కలంకారీ టోకెన్లు (పాత్రలను చూపే చిన్న గుండ్రటి బొమ్మలు) అన్నీ కలిపి 1,499 రూపాయలంటూ మన వాట్సాప్ గ్రూపుల్లో ఒక ప్యాక్ తిరుగుతోంది. పోస్టర్ మీద ‘కమర్షియల్ లైసెన్స్‌తో సహా’ అని పెద్దక్షరాల్లో ఉంటుంది. నేను కొని చూశాను కాబట్టి చెబుతున్నా, దాని జోలికి పోకండి.

డబ్బు పంపగానే డ్రైవ్ లింక్ వచ్చింది. ‘చంద్రగిరి’ మ్యాప్ తెరిచి చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రాజమహల్ లేదు, రాణిమహల్ లేదు, వెనకాల కొండ కూడా లేదు. ఎత్తి దించే చెక్క వంతెన, పొగగొట్టాల ఇళ్లు, ఒక చిన్న చర్చి ఉన్నాయి. ఎక్కడి ఐరోపా కోటకో పైన తెలుగులో ‘చంద్రగిరి’ అని అతికించారంతే. కింద కుడి మూల జూమ్ చేస్తే ఒకే బండరాయి, అదే పగులుతో, పక్కపక్కనే మళ్లీ మళ్లీ కనిపించింది. ఆర్టిస్టు సంతకాన్ని చెరిపి, దాని మీద పక్క రాళ్లను కాపీ చేసి పూశారు. ఫైల్ పేరు మార్చే ఓపిక కూడా లేదు, అందులో ‘పేట్రన్స్ ఓన్లీ’ (చందాదారులకు మాత్రమే) అన్న ముక్క అలాగే ఉంది. ఇమేజ్ సెర్చ్‌లో పెడితే ఒక విదేశీ ఆర్టిస్టు పేజీ దొరికింది. అది నెలనెలా చందా కట్టేవాళ్లకే ఇచ్చే మ్యాప్. సొంత ఆటలో వాడుకోవచ్చు గానీ ఫైల్ పంచకూడదు, అమ్మకూడదు అని ఆ పేజీలోనే రాసుంది.

టోకెన్లు ఇంకా ఘోరం. రావణుడి టోకెన్‌లో పది తలల మీదుగా గుడ్డ మడత గీత పోతోంది, ఓ పక్క ఫ్లాష్ మెరుపు. ఎవరో చేత్తో గీసిన కలంకారీ గుడ్డను అమ్మకానికి ఫొటో తీసి పెట్టుకుంటే, దాన్ని గుండ్రంగా కత్తిరించుకున్నారు. రామాయణం ఎవరి సొత్తూ కాదు, ఒప్పుకుంటాను. ఈ బొమ్మ మాత్రం గీసినవాళ్లదే. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం వాళ్లు బతికున్నంత కాలం, ఆ తర్వాత ఇంకో 60 ఏళ్లు దానిమీద హక్కు ఉంటుంది, రిజిస్ట్రేషన్ లేకపోయినా సరే. శ్రీకాళహస్తి పక్కనే ఉంటూ కలంకారీ చేసేవాళ్ల కష్టాన్ని కొట్టేసి మనకే అమ్మడం చూసి నిజంగా ఒళ్లు మండింది.

లైసెన్స్ ఏదని అమ్మినవాణ్ని అడిగితే, ‘‘అన్నా, డీ అండ్ డీ మొత్తం ఫ్రీ అయిపోయింది కదా, మీకెందుకు టెన్షన్’’ అన్నాడు. ఈ మాట మన గ్రూపుల్లో చాలామంది నమ్ముతున్నారు. కానీ 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ (అందరూ వాడుకునేలా ఇచ్చే లైసెన్స్) కిందికి వచ్చింది ఎస్‌ఆర్‌డీ 5.1 అనే ఆట నియమాల పత్రం మాత్రమే. ఎక్కడి నుంచి తీసుకున్నామో చెప్పి దాన్ని వాడుకోవచ్చు. అందులో ఉన్నది రాత మాత్రమే. పుస్తకాల్లోని బొమ్మలు దాంతోపాటు రాలేదు, బయటి ఆర్టిస్టుల మ్యాప్‌లకైతే దానితో సంబంధమే లేదు. ప్యాక్‌లో ‘లైసెన్స్’ అనే ఫైల్ ఉంది గానీ, దాంట్లో ఏ ఆర్టిస్టు పేరూ లేదు. చట్టం ప్రకారం లైసెన్స్ ఇవ్వాల్సింది హక్కుదారు, అదీ రాతపూర్వకంగా. అమ్మేవాడు తనకు తానే రాసుకుంటే చెల్లదు.

ఇంట్లో నలుగురం ఆడుకునేదానికి ఇంత గొడవెందుకు అంటారేమో. సొంత వాడకానికి కాపీరైట్ చట్టంలోని సెక్షన్ 52 కొంత వెసులుబాటు ఇస్తుంది, నిజమే. కానీ మనలో చాలామంది ఆడేవాళ్ల దగ్గర సీటుకింత అని డబ్బు తీసుకుంటున్నాం, ఆట సెషన్లు యూట్యూబ్‌లో పెడుతున్నాం, ఫోల్డర్‌కు ఫోల్డర్ పక్క డీఎంకు (ఆట నడిపేవాళ్లకు) పంపేస్తున్నాం. అక్కడ ‘సొంత వాడకం’ అంటే ఎవరూ వినరు. ఇదే ప్యాక్ కొన్న చిత్తూరు తమ్ముడొకడి వీడియోను ఆర్టిస్టు ఫిర్యాదు మీద తీసేశారు, చానల్‌కు స్ట్రైక్ (కాపీరైట్ హెచ్చరిక) పడింది. 90 రోజుల్లో మూడు పడితే చానలే పోతుంది. తెలిసి చేసినవాళ్లకు సెక్షన్ 63 కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా ఉన్నాయి. అమ్మినవాడు మాత్రం హాయిగా కొత్త పోస్టర్లు వేసుకుంటున్నాడు.

డబ్బు వెనక్కి అడిగితే ‘డిజిటల్ సరుకు, వాపసు లేదు’ అన్నాడు. ఆర్టిస్టు పేజీ లింక్ పంపగానే బ్లాక్ చేశాడు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను, ఇంకా తేలలేదు.

బొమ్మలు కావాలంటే ఆర్టిస్టు దగ్గరే నేరుగా తీసుకోండి, ఉచితంగా ఇచ్చేవాళ్లూ బోలెడంతమంది ఉన్నారు. లైసెన్స్‌లో ‘ఎన్‌సీ’ (నాన్ కమర్షియల్, అంటే డబ్బు సంపాదనకు వాడకూడదు) అని ఉంటే డబ్బు తీసుకునే టేబుల్‌కు అది వద్దు. పురాణాల టోకెన్లకు రవివర్మ బొమ్మలు చూడండి. ఆయన 1906లో పోయారు, హక్కుల గడువు ఎప్పుడో తీరిపోయింది. చంద్రగిరే కావాలంటే ఒక ఆదివారం బండేసుకుని వెళ్లి మీరే ఫొటోలు తీసుకుని గీయించుకోండి, ఈ ప్యాక్ కన్నా వెయ్యి రెట్లు బాగుంటుంది. పక్క డీఎం మ్యాప్ అడిగితే ఫైల్ బదులు ఆర్టిస్టు లింక్ పంపండి.

ఇప్పుడు అదే ప్యాక్‌ను పోస్టర్ మార్చి 999కి తిప్పుతున్నారు. ఇప్పటికే కొన్నవాళ్లుంటే చాట్, యూపీఐ లావాదేవీ నంబర్ తుడిచెయ్యకండి, ఫిర్యాదుకు అవే ఆధారం. ఆ ఫైళ్లను మాత్రం ‘శాంపిల్ చూడండి’ అంటూ గ్రూపుల్లో పెట్టొద్దు. వాడి మీద ఫిర్యాదు చేయబోయి, పంచినవాళ్లం మనమే అవుతాం.