మారతహళ్ళి వీకెండ్ క్లాసు: లెక్కలకు కళ్ళు మూసుకుని పంపండి, సైన్సుకు మాత్రం ఆగండి

మా పాప ఐదో తరగతి. స్కూల్లో మిగతావాళ్ళ కంటే ముందే లెక్క చేసేస్తుంది, చేసేస్తే అలాంటివే ఇంకో ఇరవై ఇస్తారు. త్వరగా చేసినందుకు అది శిక్షే కదా! అందుకే చురుకైన పిల్లల కోసమని బెంగళూరు మారతహళ్ళిలో నడిపే ఈ వీకెండ్ క్లాసులో చేర్పించాం.

లెక్కల క్లాసు నిజంగా బాగుంది. ప్రతి చాప్టర్‌కీ ముందు చిన్న టెస్టు పెట్టి, వచ్చినవి వదిలేసి రానివే చెప్తారు, మిగిలిన టైములో లోతుకు తీసుకెళ్తారు. అమెరికాలో రెంజుల్లీ, రీస్ అనే విద్యావేత్తలు ప్రచారంలోకి తెచ్చిన కరిక్యులమ్ కంపాక్టింగ్ ఇదే. భిన్నాల కూడికలు మా పాపకు ముందే వచ్చు కాబట్టి సార్ ఆ వర్క్‌షీట్లు ఇవ్వనే లేదు. 1/2ని, లవంలో 1 మాత్రమే ఉండే రెండు వేర్వేరు భిన్నాల మొత్తంగా రాయమన్నారు. 1/3, 1/6 అంది. మరి 1/3ని? 1/4, 1/12. "ఏ హారానికైనా ఇలాగే కుదురుతుందా? ఎందుకు?" అని అడిగి ఇంటికి పంపారు. అన్నం చల్లారిపోతున్నా లేవకుండా కాగితాలు నింపి, హారానికి ఒకటి కలిపితే మొదటి భిన్నం హారం, పాత హారాన్నీ దాన్నీ గుణిస్తే రెండోదాని హారం అని తనే పట్టుకుంది. అదే గంటలో, భిన్నాలు ఇంకా కుదరని పిల్లాడికి పక్క బల్ల దగ్గర కాగితం మడతపెట్టి చూపిస్తున్నారు.

సైన్సు క్లాసు మాత్రం పేరుకే. ఆరో తరగతి పాఠాలు ఏడాది ముందే చదివిస్తున్నారు, అంతే, ప్రశ్న లేదు, ప్రయోగం లేదు. పైగా ప్రాజెక్టు అంటే అందరూ పీపీటీయే చెయ్యాలట. నమూనా చేస్తానన్నా, నోటితో చెప్తానన్నా ఒప్పుకోరు.

నాకు బాగా బాధనిపించింది చేర్చుకునే పరీక్ష విషయంలో. రాతపరీక్ష, అదీ గడియారం పెట్టి. బుర్ర పాదరసంలా పనిచేసినా చెయ్యి నెమ్మదిగా కదిలే పిల్లలుంటారు, డిస్‌లెక్సియా (తెలివికి సంబంధం లేకుండా చదవడం, రాయడం కష్టమయ్యే ఇబ్బంది) ఉన్నవాళ్ళూ ఉంటారు, వాళ్ళంతా ఇక్కడే ఆగిపోతారు. మేం కొందరు తల్లిదండ్రులం కలిసి గట్టిగా అడిగితే నోటితో చెప్పనిస్తామన్నారు, ఇంకా మొదలుపెట్టలేదు.

ఫీజు ఎక్కువే, లెక్కలకు ఒక్కదానికే కట్టే వీలుంది, అడిగితేనే చెప్తారు. డెమోకి వెళ్తే మీ పిల్లలకు ముందే వచ్చిన చాప్టర్ ఒకటి చెప్పి, ఆ వారం ఏం చేయిస్తారో టీచర్నే అడగండి.